స్టోరేజ్ రింగ్‌లో బీమ్ ఊగుతోందా? కారణాన్ని పట్టుకునే పద్ధతి

స్టోరేజ్ రింగ్ అంటే కణాల బీమ్‌ను గుండ్రటి దారిలో తిప్పుతూ నిలిపి ఉంచే యంత్రం. దాని కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరినవాళ్లు, యాక్సిలరేటర్ ఫిజిక్స్‌లో అప్పుడే పరిశోధన మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "కరెంట్ పెంచుతుంటే ఒక చోటికి వచ్చేసరికి బీమ్ నిలువుగా ఉబ్బిపోతోంది, లేదంటే ఉన్నట్టుండి పడిపోతోంది. ఏ నాబ్ తిప్పాలి?" నా జవాబూ ఎప్పుడూ ఒకటే. ముందు ఏ నాబూ తిప్పకండి. కొలవండి. అస్థిరత ఏ కరెంట్ దగ్గర మొదలైంది, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కనిపించింది, బంచ్‌ల (బీమ్‌లోని కణాల గుంపుల) అమరిక మారిస్తే ఏమైంది అన్న మూడూ తెలిస్తే నూటికి తొంభై సార్లు దొంగ దొరికిపోతాడు. అవి తెలియకుండా నాబ్ తిప్పితే బీమ్ కుదుటపడినా ఎందుకు కుదుటపడిందో తెలియదు. మర్నాడు మళ్లీ అదే టెన్షన్.

సిద్ధాంతం ఈ ఒక్క పేరాతో సరి. బంచ్ ముందుకు వెళ్తూ వెనక ఒక విద్యుదయస్కాంత క్షేత్రాన్ని వదిలిపోతుంది. దాన్ని వేక్‌ఫీల్డ్ అంటాం. అది వెనక వచ్చే బంచ్‌ను కొంచెం తోస్తుంది, తోపు తిన్న బంచ్ ఇంకొంచెం పెద్ద క్షేత్రాన్ని వదులుతుంది. దారి గుండ్రంగా ఉంది కాబట్టి ఆ ప్రభావం తిరిగి మొదటి బంచ్‌కే వచ్చి చేరుతుంది. ఎలక్ట్రాన్ రింగ్‌లో సింక్రోట్రాన్ కాంతి వెలువడటం వల్ల ఊగుడు దానంతట అదే తగ్గుతూ ఉంటుంది. ఇలా తగ్గే వేగాన్ని పెరిగే వేగం దాటితే అస్థిరత మొదలైనట్టే.

ఇక్కడ చెప్పేదంతా ట్రాన్సిషన్ శక్తికి పైన (అంటే శక్తి ఎక్కువున్న కణానికి చుట్టు తిరగడానికి ఎక్కువ సమయం పట్టే చోట) నడిచే ఎలక్ట్రాన్ రింగ్ గురించి. లెక్కల కోసం ఒక ఊహా రింగ్ పెట్టుకుందాం. చుట్టుకొలత 300 మీటర్లు, శక్తి 3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, బీమ్‌కు శక్తినిచ్చే రేడియో తరంగం (ఆర్‌ఎఫ్) 500 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకు సుమారు 10 లక్షల చుట్లు, 500 బకెట్లు (బంచ్‌లు కూర్చోగల స్థానాలు). నిలువు ట్యూన్‌లో (ఒక్క చుట్టులో బీమ్ నిలువుగా ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యలో) దశాంశ భాగం 0.23, సింక్రోట్రాన్ ఫ్రీక్వెన్సీ (బంచ్ వెళ్లే దిశలో ముందుకూ వెనక్కూ ఊగే ఫ్రీక్వెన్సీ) 5 కిలోహెర్ట్జ్. వీటి స్థానంలో మీ రింగ్ సంఖ్యలు వేసుకోండి.

కావలసినవి

- మొత్తం కరెంట్ చూపే డీసీసీటీ, ఏ బంచ్‌లో ఎంత ఉందో చూపే ఫిల్ ప్యాటర్న్ మానిటర్
- ఒక స్ట్రిప్‌లైన్ లేదా బటన్ పికప్ (బీమ్ సిగ్నల్ అందుకునే ఎలక్ట్రోడ్), దానికి నేరుగా కలిపిన స్పెక్ట్రమ్ అనలైజర్
- చుట్టు చుట్టుకూ స్థానం రికార్డు చేయగల బీపీఎమ్ (బీమ్ పొజిషన్ మానిటర్)
- సింక్రోట్రాన్ కాంతితో బీమ్ సైజు చూపే కెమెరా. బంచ్ పొడవు చూపే స్ట్రీక్ కెమెరా కూడా ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు
- బంచ్ బై బంచ్ ఫీడ్‌బ్యాక్ (ఒక్కో బంచ్ ఊగుడును కొలిచి వెంటనే అణచే వ్యవస్థ), దాన్ని ఆపి మళ్లీ పెట్టే అనుమతి
- ఆర్‌ఎఫ్ క్యావిటీలోని (ఆర్‌ఎఫ్ తరంగాన్ని నిలిపే లోహపు గదిలోని) హెచ్‌ఓఎమ్‌ల (హయ్యర్ ఆర్డర్ మోడ్‌ల) జాబితా. క్యావిటీలో అసలు పౌనఃపున్యంతో పాటు మోగే అనవసర రెజొనెన్స్‌లు ఇవి
- లాగ్‌బుక్

ఒక హెచ్చరిక. రేడియేషన్, వాక్యూమ్, కక్ష్య ఇంటర్‌లాక్‌లలో ఏ ఒక్కదాన్నీ బైపాస్ చేసి ఈ పరీక్షలు చేయకండి. "ఒక్క నిమిషమే కదా" అనిపిస్తుంది. సన్నటి బీమ్ వాక్యూమ్ ఛాంబర్‌ను పాడుచేయడానికి నిమిషం అక్కర్లేదు. షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పి, మెషీన్ స్టడీ టైమ్‌లోనే చేయండి.

1. తనంతట తానే ఊగుతోందా, ఎవరైనా ఊపుతున్నారా?

చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే ముందుకు దూకుతారు. స్పెక్ట్రమ్‌లో ట్యూన్ దగ్గర గీత కనిపించగానే "అస్థిరత" అనేస్తారు. ఆగండి. ట్యూన్ కొలవడానికి బీమ్‌ను కావాలనే కుదిపే ఎక్సైటర్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి. నవ్వకండి, ఇది ప్రతిచోటా జరిగేదే. తర్వాత గీత ఎక్కడుందో చూడండి. 50 హెర్ట్జ్ దగ్గరో దాని గుణిజాల దగ్గరో ఉంటే పవర్ సప్లై మీద అనుమానపడాలి. కొన్ని పదుల హెర్ట్జ్ దగ్గర అటూ ఇటూ కదులుతూ ఉంటే పంపో, నీటి పైపో, అయస్కాంతాలను మోసే గర్డరో కంపిస్తుండవచ్చు.

అసలు పరీక్ష కరెంట్‌ను సగానికి తగ్గించడం. బయటి నుంచి ఎవరో ఊపుతుంటే బీమ్ కదలిక, మైక్రాన్లలో చూస్తే, దాదాపు అంతే ఉంటుంది. తనంతట తానే ఊగుతుంటే ఒక హద్దు కింద పూర్తిగా మాయమవుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అనలైజర్‌లో సిగ్నల్ కరెంట్‌తో పాటు సహజంగానే తగ్గుతుంది. అందుకే గీత ఎత్తును పక్కనున్న రివల్యూషన్ హార్మోనిక్ (చుట్ల ఫ్రీక్వెన్సీ గుణిజం దగ్గరి గీత) ఎత్తుతో పోల్చండి, విడిగా చూడకండి.

2. ఏ దిశలో?

నిలువా, అడ్డమా, బీమ్ వెళ్లే దిశా? మన రింగ్‌లో ప్రతి మెగాహెర్ట్జ్‌కీ ఒక రివల్యూషన్ హార్మోనిక్ ఉంటుంది. దానికి 230 కిలోహెర్ట్జ్ దూరంలో సైడ్‌బ్యాండ్ (పక్క గీత) ఉంటే నిలువు. 5 కిలోహెర్ట్జ్ దూరంలోనే ఉంటే వెళ్లే దిశలో, అంటే లాంగిట్యూడినల్. ఈ రెండో రకం గీతలు తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర బలహీనంగా ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ బలపడతాయి. కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర వెతకండి.

ఇక్కడ మోసపోయే చోటు డిస్పర్షన్, అంటే శక్తి మారితే బీమ్ దారి అడ్డంగా ఎంత జరుగుతుందో ఆ కొలత. అది ఎక్కువ ఉన్న చోట బీపీఎమ్ పెడితే శక్తిలో ఊగుడు కూడా అడ్డంగా కదిలినట్టే కనిపిస్తుంది. డిస్పర్షన్ లేని చోటి కాంతి కెమెరాలో బీమ్ మామూలుగా ఉండి, డిస్పర్షన్ ఉన్న చోట మాత్రం అడ్డంగా ఉబ్బితే మీ సమస్య లాంగిట్యూడినల్.

3. ఒక్క బంచ్ గొడవా, అందరి గొడవా?

మొత్తం 200 మిల్లీ యాంపియర్లను 500 బంచ్‌లలో సమానంగా నింపితే ఒక్కోదానిలో 0.4 ఉంటుంది. అస్థిరత వచ్చిందనుకోండి. ఇప్పుడు ఒకే ఒక్క బంచ్‌లో 0.4 పెట్టి చూడండి. ప్రశాంతంగా ఉంటే తప్పు ఒక్క బంచ్‌ది కాదు, బంచ్‌ల మధ్య సంబంధానిది. అప్పుడు మొత్తం కరెంట్ మార్చకుండా అమరిక మార్చండి. ఒకసారి బకెట్ విడిచి బకెట్ నింపండి, మరోసారి వరుసగా నింపి చివర 50 బకెట్లు ఖాళీ వదలండి. ఆ ఖాళీ పెట్టగానే నిలువు ఉబ్బు బాగా తగ్గితే ముందు అనుమానించాల్సింది అయాన్లను. వాక్యూమ్‌లో మిగిలిన వాయువు నుంచి పుట్టిన ధన అయాన్లు ఎలక్ట్రాన్ బంచ్‌ల వరుసలో చిక్కుకుంటాయి. మధ్యలో ఖాళీ వస్తే చెదిరిపోతాయి.

ఇది అనుభవంతో చెబుతున్న మాట. వాక్యూమ్ పనులు ముగిసిన వారంలో ఒకసారి బీమ్ నిలువు సైజు రెట్టింపయింది. క్యావిటీ మీద అనుమానంతో రెండు రాత్రులు దాని ఉష్ణోగ్రతను అరడిగ్రీ చొప్పున మార్చుతూ కూర్చున్నాను. మూడో రాత్రి ఫిల్ ప్యాటర్న్ స్క్రీన్ వైపు చూస్తే రింగ్ అంతా బంచ్‌లే, ఎక్కడా ఖాళీ లేదు. ముందు షిఫ్ట్‌లో ఎవరో వేరే ప్రయోగం కోసం సమంగా నింపి, లాగ్‌బుక్‌లో రాయలేదు. ఖాళీ వదిలి నింపాం, పది నిమిషాల్లో సైజు పాత విలువకు వచ్చేసింది. అప్పటి నుంచి నేను ముందు చూసేది ఆ స్క్రీనే.

అయితే ఖాళీ పెట్టినంత మాత్రాన అయాన్ల కథ ముగిసిందనుకోవద్దు. చిక్కుకోకపోయినా, ఒక్క చుట్టులోనే బంచ్‌ల వరుస తల నుంచి తోకకు పెరిగే అస్థిరత ఒకటుంది. దాన్ని రాబెన్‌హైమర్, జిమ్మర్‌మాన్ 1995లో లెక్కగట్టి చూపారు. వరుసలో చివరి బంచ్‌లే ఎక్కువ ఊగడం దాని గుర్తు.

4. కరెంట్‌ను మెల్లగా ఎక్కించండి

5 మిల్లీ యాంపియర్ల చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర బీమ్ సైజు, సైడ్‌బ్యాండ్ ఎత్తు, క్యావిటీ ఉష్ణోగ్రత రాసుకోండి. తొందర వద్దు. కరెంట్ పెరిగితే క్యావిటీ వేడెక్కుతుంది, వేడెక్కితే హెచ్‌ఓఎమ్ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. అది నిలకడకు రావడానికి నిమిషాలు పడుతుంది. అంతవరకూ మీరు రాసుకున్న సంఖ్యకు విలువ లేదు.

పైకి వెళ్లేటప్పుడు ఎక్కడ మొదలైందో, కిందికి దిగేటప్పుడు ఎక్కడ ఆగిందో విడివిడిగా రాయండి. రెండూ ఒకటి కానక్కర్లేదు. ఈ హద్దు రోజుకో చోట కనిపిస్తూ, చల్లార్చే నీటి ఉష్ణోగ్రతతో పాటు మారుతుంటే వేలు క్యావిటీ వైపే చూపాలి. వారాల తరబడి కదలకుండా అక్కడే ఉంటే ఛాంబర్ గోడల నిరోధం లాంటి స్థిరమైన కారణం వెతకండి.

5. మోడ్ నంబర్ పట్టుకోండి

అసలు సరుకంతా ఈ మెట్టులోనే ఉంది, చాలా తప్పులు జరిగేదీ ఇక్కడే. 500 బంచ్‌లు ఉంటే అవి కలిసి ఊగే తీరులు (మోడ్‌లు) 500. అనలైజర్‌ను సున్నా నుంచి 250 మెగాహెర్ట్జ్ వరకూ తిప్పితే ప్రతి తీరూ ఒక్కసారి కనిపిస్తుంది.

అడ్డం, నిలువు దిశల్లో గుర్తుంచుకోవాల్సిన నియమం: హార్మోనిక్‌కు కింద ఉండే సైడ్‌బ్యాండ్ దగ్గర ఇంపీడెన్స్ (ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర వేక్‌ఫీల్డ్ బలం) ఉంటే ఊగుడు పెరుగుతుంది, పై సైడ్‌బ్యాండ్ దగ్గర ఉంటే తగ్గుతుంది. లాంగిట్యూడినల్‌లో ఇది తలకిందులు, అక్కడ పైదే ప్రమాదం.

మీకు 136.77 మెగాహెర్ట్జ్ దగ్గర గీత లేచిందనుకోండి. అది 137వ హార్మోనిక్‌కు కింద 0.23 దూరంలో ఉంది, అంటే కింది సైడ్‌బ్యాండ్. దాన్ని పెంచే హెచ్‌ఓఎమ్ 136.77, 636.77, 1136.77 ఇలా 500 చొప్పున పెరిగే స్థానాల్లో ఏదో ఒకదాని దగ్గర ఉండాలి. జాబితా తీసి చూడండి.

గీత 137.23 దగ్గర లేచిందనుకోండి. ఇది పై సైడ్‌బ్యాండ్. చాలామంది వెంటనే 137.23, 637.23 దగ్గర హెచ్‌ఓఎమ్ వెతికి, ఏమీ దొరక్క తల పట్టుకుంటారు. ఆ తీరుకే చెందిన కింది సైడ్‌బ్యాండ్‌లు 362.77, 862.77, 1362.77 దగ్గర ఉంటాయి. వెతకాల్సింది అక్కడ. బంచ్‌లు 500 మెగాహెర్ట్జ్‌తో శాంపిల్ చేస్తున్నాయి కాబట్టి ఒకే ఊగుడు ఇన్ని చోట్ల నీడలా కనిపిస్తుంది.

గీతల తీరు చూసినా చాలా తెలుస్తుంది:

- ఒకే ఒక్క పొడవాటి గీత ఉంటే ఎక్కువగా హెచ్‌ఓఎమ్.
- 0.77 మెగాహెర్ట్జ్ దగ్గర అన్నిటికన్నా పెద్దది, తర్వాత 1.77, 2.77 అంటూ తగ్గుతూ పోతే గోడల నిరోధం. గోడల ఇంపీడెన్స్ సున్నా ఫ్రీక్వెన్సీ వైపు పెరుగుతుంది మరి.
- కొన్ని మెగాహెర్ట్జ్ నుంచి కొన్ని పదుల వరకూ కింది సైడ్‌బ్యాండ్‌లు గుట్టలా లేస్తే అయాన్లు.

6. పెరిగే వేగాన్ని కొలవండి

ఫీడ్‌బ్యాక్ ఉంటే ఇది అద్భుతమైన సాధనం. దాన్ని కొన్ని మిల్లీ సెకన్లు ఆపి, ఊగుడు పెరగనిచ్చి, మళ్లీ పెట్టండి. మొత్తం రికార్డు చేయండి. వ్యాప్తి లాగరిథమ్‌ను కాలానికి ఎదురుగా గీస్తే పెరిగే భాగం సరళరేఖలా వస్తుంది, దాని వాలే రేటు.

ముందే ఒక అంచనా వేసుకోండి. అడ్డ, నిలువు దిశలకు రేటు అంటే చుట్ల ఫ్రీక్వెన్సీ, బీటా (ఆ చోట బీమ్ ఎంత వెడల్పుగా ఊగుతుందో చెప్పే కొలత), కరెంట్, ఇంపీడెన్స్ నాలుగూ గుణించి, శక్తిని వోల్టుల్లో రాసి దానికి రెట్టింపుతో భాగించడమే. బీటా 10 మీటర్లు, కరెంట్ 0.2 యాంపియర్, ఇంపీడెన్స్ మీటరుకు 1 మెగా ఓమ్ అనుకుంటే సెకనుకు సుమారు 333 వస్తుంది. సహజంగా తగ్గే కాలం 10 మిల్లీ సెకన్లయితే ఆ రేటు 100. మిగిలేది 233. అంటే ఫీడ్‌బ్యాక్ లేని 10 మిల్లీ సెకన్లలో ఊగుడు సుమారు 10 రెట్లవుతుంది. ఇదే లెక్కతో అస్థిరత మొదలవ్వాల్సిన కరెంట్ 60 మిల్లీ యాంపియర్లు. నాలుగో మెట్టులో మీకు 60 చుట్టుపక్కలే వచ్చిందా? వస్తే మీ కథ అతుకుతోంది. 150 వచ్చిందా? ఎక్కడో పొరబడ్డారు.

జాగ్రత్త: మొదటిసారే 10 మిల్లీ సెకన్లు ఆపకండి. హద్దుకు కొంచెం పైన ఉన్న కరెంట్‌తో, 2 మిల్లీ సెకన్లతో మొదలుపెట్టండి. వాలు గీసేటప్పుడు తొలి భాగాన్నే తీసుకోండి, పైన వంపు తిరిగే భాగం పనికిరాదు. నాలుగైదు కరెంట్ల దగ్గర కొలిచి రేట్లను ఒక గీత మీద పెట్టండి. ఆ గీతను సున్నా కరెంట్ వరకూ వెనక్కి పొడిగిస్తే సహజంగా తగ్గే రేటు రుణ సంఖ్యగా రావాలి. ఇంతకన్నా మంచి తనిఖీ నాకు తెలియదు.

ఫీడ్‌బ్యాక్ లేదా? కరెంట్‌ను హద్దుకు కింద ఉంచి, కిక్కర్‌తో ఒక్కసారి కుదిపి, ఊగుడు ఎంత వేగంగా తగ్గుతోందో కొలవండి. కరెంట్ పెరిగేకొద్దీ అది నెమ్మదిస్తుంది. ఆ గీతే మీకు హద్దు చెబుతుంది.

7. దొంగ దొరికాక

హెచ్‌ఓఎమ్ అయితే క్యావిటీ ఉష్ణోగ్రతను మెల్లగా మార్చి ఆ రెజొనెన్స్‌ను సైడ్‌బ్యాండ్ మీది నుంచి పక్కకు జరపండి. దాన్ని తప్పించబోతే ఇంకొకటి వచ్చి మరో సైడ్‌బ్యాండ్ మీద కూర్చోవచ్చు, కాబట్టి మొత్తం స్పెక్ట్రమ్ మళ్లీ చూడండి. శాశ్వత మందు హెచ్‌ఓఎమ్‌లను పీల్చేసే డ్యాంపర్లున్న క్యావిటీలే.

గోడల నిరోధమైతే ఫీడ్‌బ్యాక్ పెట్టండి, క్రొమాటిసిటీని (శక్తి మారితే ట్యూన్ ఎంత మారుతుందో ఆ కొలతను) కొంచెం ధనాత్మకం చేయండి. అన్‌డ్యులేటర్ (బీమ్ నుంచి కాంతి పుట్టించే అయస్కాంతాల వరుస) గ్యాప్‌లు ఒక్కొక్కటిగా తెరిచి హద్దు ఎప్పుడు మారుతుందో చూస్తే ఏది ఎక్కువ దోషో తేలుతుంది. ట్యూన్ పూర్ణాంకానికి కొంచెం కింద, అంటే దశాంశం 0.9 దగ్గర ఉంటే ఇది బాగా ముదురుతుంది.

ఒక్క బంచ్‌లోనే, తక్కువ కరెంట్‌కే పోతుంటే ముందు క్రొమాటిసిటీ గుర్తు చూడండి. అది రుణాత్మకమైతే బంచ్ తల, తోక కలిసి పెంచుకునే హెడ్‌టెయిల్ అస్థిరత వస్తుంది. ఇటలీలోని ఫ్రస్కాటీలో అడోనే రింగ్ నాటి సంగతి ఇది, పెల్లెగ్రీని 1969లో వివరించారు. క్రొమాటిసిటీ కొలిచే ఉదాహరణ ఒకటి చెప్తాను. మొమెంటమ్ కంపాక్షన్ (శక్తి పెరిగితే దారి పొడవు ఎంత పెరుగుతుందో ఆ నిష్పత్తి) 0.001 ఉన్న రింగ్‌లో ఆర్‌ఎఫ్‌ను 500 హెర్ట్జ్ తగ్గిస్తే శక్తి వెయ్యింట ఒక వంతు పెరుగుతుంది. క్రొమాటిసిటీ +2 అయితే ట్యూన్ 0.002 పెరగాలి, అంటే గీత 2 కిలోహెర్ట్జ్ జరగాలి. ఎటు జరిగిందో చూసేముందు మీరు చూస్తున్నది పై సైడ్‌బ్యాండో కిందిదో నిర్ధారించుకోండి, లేకపోతే గుర్తు తలకిందులవుతుంది. అనుమానముంటే బీమ్‌ను కేంద్రీకరించే ఒక క్వాడ్రుపోల్ అయస్కాంతాన్ని కొంచెం పెంచి ట్యూన్ అనుకున్న వైపే కదిలిందా చూడండి. క్రొమాటిసిటీ ఎంత పెంచితే అంత మంచిదని కూడా అనుకోవద్దు. బీమ్ ఆయుష్షు తగ్గుతుంది, బంచ్ లోపలి ఇతర ఊగుళ్లు తల ఎత్తుతాయి.

క్రొమాటిసిటీ సున్నా దగ్గర బంచ్ కరెంట్ పెంచుతుంటే ట్యూన్ గీత కిందికి దిగుతూ, సుమారు 5 కిలోహెర్ట్జ్ దిగేసరికి బీమ్ పోయిందా? అది బంచ్ లోపలి రెండు మోడ్‌లు ఢీకొనే టీఎమ్‌సీఐ (ట్రాన్స్‌వర్స్ మోడ్ కప్లింగ్ ఇన్‌స్టబిలిటీ). క్రొమాటిసిటీ పెంచడం, బంచ్‌ను పొడిగించడం, ఛాంబర్ ఇంపీడెన్స్ తగ్గించడం దీనికి మార్గాలు.

బీమ్ మధ్యబిందువు కదలకుండా, శక్తి వ్యాప్తి, బంచ్ పొడవు మాత్రమే పెరుగుతుంటే మైక్రోవేవ్ అస్థిరత. దీనివల్ల బీమ్ సాధారణంగా పోదు, నాణ్యత తగ్గుతుంది. స్వీడన్‌లోని మ్యాక్స్ ఫోర్ రింగ్‌లో లాగా మూడో హార్మోనిక్ క్యావిటీలు పెట్టి బంచ్‌ను పొడిగిస్తే ఉపశమనం ఉంటుంది.

బీమ్ మొత్తం ఒక్కటిగా 5 కిలోహెర్ట్జ్‌తో ఊగుతుంటే ఆర్‌ఎఫ్ క్యావిటీ ట్యూనర్ చూడండి. ట్రాన్సిషన్‌కు పైన క్యావిటీ రెజొనెన్స్ ఆర్‌ఎఫ్ ఫ్రీక్వెన్సీకి కొంచెం కింద ఉండాలి. రాబిన్సన్ 1964 నాటికే చెప్పిన షరతు ఇది.

మీది పాజిట్రాన్ లేదా ప్రోటాన్ రింగ్ అయితే అయాన్ల స్థానంలో ఎలక్ట్రాన్ మేఘం (గోడల నుంచి వెలువడి ఛాంబర్‌లో పోగయ్యే ఎలక్ట్రాన్లు) ఉంటుంది. జపాన్‌లోని కేఈకేబీ, అమెరికాలోని పెప్ టూ రింగుల్లో ఛాంబర్ చుట్టూ సొలనాయిడ్ తీగ చుట్టి దాన్ని అణచారు. సెర్న్‌లోని ప్రోటాన్ రింగ్ ఎల్‌హెచ్‌సీలో 25 నానో సెకన్ల దూరంతో బంచ్‌లు నడపడానికి బీమ్‌తోనే గోడలను రుద్దించే పద్ధతి వాడతారు, దాన్ని స్క్రబ్బింగ్ అంటారు.

తరచూ జరిగే తప్పులు

ఒకేసారి రెండు నాబ్‌లు తిప్పడం అన్నిటికన్నా పెద్దది. క్రొమాటిసిటీ, ఫిల్ ప్యాటర్న్ రెండూ మార్చి "తగ్గింది" అంటే ఏది తగ్గించినట్టు?

రెండోది, పికప్ ఎలక్ట్రానిక్స్ సాచురేట్ అవ్వడం. కరెంట్ పెరిగేకొద్దీ లేని గీతలు పుట్టుకొస్తాయి, అచ్చం అస్థిరతలాగే. అనలైజర్ ముందు 10 డెసిబెల్ అటెన్యుయేటర్ పెట్టండి. నిజమైన గీత సరిగ్గా 10 డెసిబెల్ తగ్గుతుంది. దొంగ గీత అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది, లేదా మాయమైపోతుంది.

మూడోది, ఫీడ్‌బ్యాక్‌నే మందు అనుకోవడం. దాని ఫేజ్ తప్పితే అదే బీమ్‌ను ఊపుతుంది. గెయిన్ పెంచితే సైజు పెరుగుతోందంటే ముందు ఫేజ్ చూడండి.

కుదిరిందని ఎలా తెలుస్తుంది?

బీమ్ పడిపోవడం ఆగింది కదా అని లేచి వెళ్లిపోకండి. ఫీడ్‌బ్యాక్ ఆపి ఆరో మెట్టు మళ్లీ చేయండి, పెరిగే రేటు నిజంగా తగ్గిందా చూడండి. తర్వాత మీరు మార్చినదాన్ని పాత విలువకు తీసుకెళ్లండి. అస్థిరత తిరిగి రావాలి. రాకపోతే తగ్గించింది మీరు కాదు, ఇంకేదో మారింది. ఈ పరీక్షకు చాలామందికి మనసొప్పదు, బాగున్నదాన్ని మళ్లీ చెడగొట్టాలి కాబట్టి. అయినా చేయండి. చివరగా వాడుకదారులకు ఇచ్చే పూర్తి కరెంట్‌తో, అదే ఫిల్ ప్యాటర్న్‌తో, అన్‌డ్యులేటర్ గ్యాప్‌లు మూసి కొన్ని గంటలు వదిలి చూడండి. లాగ్‌బుక్‌లో హద్దు కరెంట్, సైడ్‌బ్యాండ్ ఫ్రీక్వెన్సీ, క్రొమాటిసిటీ, క్యావిటీ ఉష్ణోగ్రత రాయండి. ఫిల్ ప్యాటర్న్ మాత్రం స్క్రీన్ ఫొటో తీసి అతికించండి.